చిన్న రాకెట్ చూసి వచ్చిన ఆదివారం

శనివారం పొద్దున్నే గిద్దలూరులో ఒంగోలు బస్సు ఎక్కాం. రాచర్ల దగ్గర ప్రభుత్వ బాలికల బడిలో నేను సైన్సు చెబుతాను. నాతో పదో తరగతి మల్లీశ్వరి, గొర్రెలు కాసే వాళ్ల నాయన కోటయ్య ఉన్నారు. ఎన్నో ఊళ్ల ఆడపిల్లలు కలిసి చేసిన చిన్న ఉపగ్రహంలో, వేడిని కొలిచే బోర్డుకు మల్లీశ్వరి ప్రోగ్రాం రాసింది. దాన్ని మోసుకెళ్లే కొత్త రాకెట్ కూడా చిన్నదే. పెద్ద రాకెట్లకు నెలలు పడితే, దీన్ని కొద్ది రోజుల్లోనే బిగించి ఎగరేయవచ్చట. మేం మాత్రం మార్కాపురం, పొదిలి మీదుగా ఒంగోలు చేరేసరికే మధ్యాహ్నమైంది. అక్కడ భోంచేసి, జనరల్ బోగీలో నిలబడి సూళ్లూరుపేట చేరాం. లాడ్జిలో మా ఆడవాళ్లిద్దరికీ ఒక గది, కోటయ్యకు వరండాలో మంచం దొరికాయి.

ఆదివారం ఉదయం శ్రీహరికోట గ్యాలరీలో కూర్చున్నాం. తొమ్మిది దాటాక చెట్ల మీదుగా నిప్పు లేచింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది.

"లేచింది నాయనా!" అని మల్లీశ్వరి గెంతింది. కోటయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి మైకులో హుషారు తగ్గింది. రాకెట్ నుంచి సమాచారం అందడం లేదన్నారు. తిరుగు రైలు కోసం స్టేషన్‌లో కూర్చున్నప్పుడు ఫోన్‌లో వార్త చదివాను. రాకెట్ మా ఉపగ్రహాన్నీ, దాంతోపాటు వెళ్లిన ఇంకోదాన్నీ తప్పు కక్ష్యలో వదిలింది. అవి ఇక పనికిరావు. మల్లీశ్వరి పులిహోర పొట్లం విప్పనేలేదు.

రైల్లో మా మాటలు విన్న ఎదుటి సీటాయన, "సర్కారు బడి పిల్లల చేతికిస్తే ఇంతే మరి" అన్నాడు. నా ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే మల్లీశ్వరి అడిగింది.

"బస్సు దారి తప్పితే, ఎక్కినోళ్లది తప్పా మామా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ఒంగోలులో బస్సెక్కగానే మా హెడ్మాస్టరు ఫోన్ చేశారు. "రేపు బళ్లో మల్లీశ్వరికి పెట్టుకున్న సన్మానం వద్దులేమ్మా. ఫెయిలైందానికి సన్మానమేంది? ఊరి పెద్దమనుషులు కూడా రామంటున్నారు."

మొన్నటిదాకా ఆ పిల్ల పక్కన నిలబడి ఫొటోలు దిగింది ఈ పెద్దమనుషులే! "వాళ్లు రాకపోతే మానె. పిల్లలు వస్తారు గదా సార్. సభ జరగాల్సిందే" అని బస్సంతా వినపడేట్టు అరిచాను.

"ఎందుకులేమ్మా, పెద్దోళ్లతో గొడవ" అన్నాడు కోటయ్య బెదురుగా.

రాకెట్ తప్పినందుకు నాకు కోపం లేదు. మొదటిసారి ఎగిరింది, తప్పు దిద్దుకుని మళ్లీ ఎగురుతుంది. ఆ తప్పును తెచ్చి పదిహేనేళ్ల పిల్ల నెత్తిన పెట్టేవాళ్లను మాత్రం క్షమించలేను.

పొదిలిలో టీకి దిగినప్పుడు హెడ్మాస్టరే మళ్లీ చేశారు. సరే, సభ పెట్టుకోండి, రాకెట్ పోయిన సంగతి మాత్రం ఎత్తొద్దన్నారు. పక్కనే వింటున్న మల్లీశ్వరి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అదే చెప్తా సార్. ఎట్ల పోయిందో తెలుసుకోని మరీ చెప్తా."

ఫోన్ నాకిచ్చేసి, గ్లాసులో మిగిలిన టీ తాగింది.