మిల్లు కూత వేసిన తలుపు

డబ్బా మీద ముసుగు వేసుకున్న దొంగ బొమ్మ ఉంది. తలుపులకూ కిటికీలకూ అంటించుకునే సెన్సారు అది. వైర్లు లేవు, మేకులు కొట్టే పని లేదు, తలుపు తెరిస్తే చాలు ఇల్లంతా మోగుతుంది, ఫోనుకు కబురొస్తుంది అని రాసుంది. ఆదోని బజారులో అది అమ్మిన మనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లో బంగారం శానా ఉన్నట్టుందే అక్కా" అన్నాడు. మా ఇంట్లో బంగారమా, నా మొహమా. మా దొంగ లోపలే ఉంది. సందు దొరికితే బయటికి పోయే రకం. మా అమ్మ.

అమ్మ ఆదోనిలోనే ఒక పత్తి మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా కూలి చేసింది. పొద్దున మిల్లు కూత వినబడగానే సద్ది క్యారియరు పట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని పరుగు. రెండో కూతకు గేటు మూసేసేవాళ్లు. ఆ తర్వాత ఎంత బతిమాలినా లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, ఆ రోజు కూలి పోయినట్టే. మిల్లు మూతబడి చాలా కాలమైంది. నిరుటి నుంచి అమ్మకు మతి తప్పుతోంది. ఒక్కోసారి నేనెవరో తెలియదు కానీ, పొద్దున్నే పనికి పోవాలన్నది మాత్రం మరిచిపోదు. రెండుసార్లు తప్పిపోయింది. మొదటిసారి రైలు గేటు దాటి కనిపించింది. రెండోసారి పత్తికొండ రోడ్డు మీద నడుస్తుంటే, టమోటాలు దింపి వస్తున్న ఆటో అతను ఎక్కించుకుని తెచ్చాడు.

ఇంట్లో మేమిద్దరమే. నేను ఎమ్మిగనూరులో బట్టల అంగట్లో పని చేస్తాను. పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే ఇల్లు. ఎదురింటి అక్క మంచిదే, మాట మాత్రం మొహం మీదే అనేస్తుంది. "బయట బీగం ఏసి పో చెల్లెమ్మా. అన్నం నీళ్లు లోపల పెట్టిపో. ఏమైతాది?" అంది. నాకు ఒళ్లు మండింది. గొడ్డును కట్టేసినట్టు కట్టేసి పోతానా నా తల్లిని, అని గట్టిగానే అన్నాను. అందుకే ఈ సెన్సారు. అది మోగితే ఎదురింటి అక్క వచ్చి అమ్మను ఆపుతుంది. అదీ మా ఒప్పందం.

ఆదివారం బిగించడానికి కూర్చున్నాను. ఒక ముక్క తలుపు రెక్కకు, ఇంకొకటి ద్వారబంధానికి. రెండింటి మధ్య వేలు సందుకు మించకూడదు. మా ద్వారబంధానికి ఏళ్ల తరబడి పూసిన పసుపు పొరలు పొరలుగా ఉంది, జిగురు పట్టీ అంటుకోనంటుంది. చాకుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టి, మూడోసారికి నిలబెట్టాను. అమ్మ పక్కనే పీట మీద కూర్చుని అంతా చూసింది. నేను లేవగానే కుంకుమ భరిణె తెచ్చి ఆ తెల్ల ముక్కకు బొట్టు పెట్టింది. "మిసనుకు బొట్టు లేకుండా ఎట్ల నడుస్తాది పాపా" అంది. ఆయుధ పూజకు మిల్లులో అట్లాగే పెట్టేవాళ్లట. నాకు నవ్వొచ్చింది, ముద్దూ వచ్చింది.

సరిచూద్దామని తలుపు తీశాను. సెన్సారుతో పాటు వచ్చిన మోత పెట్టెను గోడకు పెట్టాను, అది కూత అందుకుంది. సన్నగా మొదలై, సాగుతూ సాగుతూ పెద్దదైంది. అమ్మ టీ గ్లాసు కింద పెట్టి లేచింది. ఎన్ని నెలలయిందో ఆ మొహంలో అంత వెలుగు చూసి.

"కూత ఏసినారు పాపా. సద్ది కట్టు" అంటూ నన్ను పక్కకు తోసి గడప దాటింది.

నేను ఫోను పట్టుకుని కొయ్యబారిపోయాను. తేరుకుని, ఉత్త కాళ్లతో వీధి చివరిదాకా పరిగెత్తి పట్టుకొచ్చాను. ఆమెను ఆపడానికి తెచ్చిందే ఆమెను పనికి పిలుస్తోంది. పెట్టెలో ఇంకా రెండు రకాల మోతలున్నాయి. అవీ పెట్టి చూశాను. అమ్మకు అన్నీ మిల్లు కూతలే. శబ్దం తగ్గిస్తే ఎదురింటికి వినబడదు. చివరికి ఆ పెట్టె నోరు నొక్కేసి, కబురు ఫోనుకు మాత్రం వచ్చేట్టు పెట్టాను. ఎదురింటి అక్కకు నేనే ఫోను చేస్తానన్నాను.

సోమవారం అంగట్లో ఒకామెకు చీర విప్పి చూపిస్తున్నాను. ఫోను అదిరింది. తలుపు తెరుచుకుంది. ఎదురింటికి చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. బస్సులో గంట దూరం. చీర అంచు చేతిలో ఉంది, ఆమె ఇంకో రంగు చూపించమంటోంది, నేను చూపిస్తున్నాను. అమ్మ ఇప్పుడు వీధి చివర ఉంటుంది, ఇప్పుడు రోడ్డెక్కి ఉంటుంది అని లోపల లెక్క సాగుతూనే ఉంది. ఇదివరకు తెలియక సాయంత్రం దాకా నిమ్మళంగానైనా ఉండేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది, అంతే. తెలిసి ఏం చేయాలో ఆ డబ్బాలో రాయలేదు.

నీళ్ల కొళాయి దగ్గర నుంచి వస్తూ ఎదురింటి అక్కే అమ్మను చూసి, చేయి పట్టి తెచ్చిందట. కూలి పాయె, కూలి పాయె అని అమ్మ దారంతా ఏడ్చిందట. "నాకూ పనులుంటాయి చెల్లెమ్మా. దినామూ ఈ కాపలా నాతో అయ్యేది కాదు" అంది ఫోనులో. ఆమెను ఏమనగలను? ఆమె తప్పేముంది?

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర బీగం కొన్నాను. మరుసటి రోజు పొద్దున గ్యాసు బందు చేసి, క్యారియరులో అన్నం పెట్టి, చెంబుతో నీళ్లు పెట్టి, బయట బీగం వేశాను. ఎదురింటి అక్క చూసీ చూడనట్టు లోపలికి పోయింది. ఆ రోజంతా ఫోనులో పచ్చ గుర్తు. తలుపు మూసి ఉంది. ఎన్నిసార్లు చూసినా అదే.

సాయంత్రం బీగం తీశాను. గడపకు ఆనుకుని నేల మీద కూర్చునుంది అమ్మ. తలకు తువ్వాలు, ఒడిలో క్యారియరు. మూత కూడా తీయలేదు. తిట్టలేదు, ఏడ్వలేదు. నన్ను ఎవరో తోటి కూలి అనుకుంది కాబోలు, కొంచెం జరిగి పక్కన చోటిచ్చింది.

"నువ్వు గూడా లేటేనా? ఈడ కూసో. గేటు ఇంకా తియ్యలేదు."

చెప్పులు విప్పకుండానే ఆమె పక్కన కూర్చున్నాను.