అత్తమ్మ పటం ముందు కొడగు కాఫీ

నిత్యం దీపం పెట్టి దండం పెట్టుకునే నేను, గుప్పెడు కాఫీ గింజల వల్ల వీధంతటికీ అబద్ధం చెప్పేదాన్నైనా. వినండి!

ఏటా మా అత్తమ్మ తిథినాడు ఆమె పటం ముందర గ్లాసెడు కాఫీ పెట్టనిదే ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. చికోరీ వేసిన చిక్కటి కాఫీ అంటే ఆమెకు ప్రాణం. ఇట్లాంటివన్నీ నేనే గుర్తుపెట్టుకుంటా.

ఈసారి మా మరిది బెంగళూరు నుంచి ఒక ప్యాకెట్ మోసుకొచ్చినాడు.

"వదినా, ఇది మామూలు కాఫీ కాదు, స్పెషాలిటీ! కొడగులో ఒక చిన్న రైతు కుటుంబం పండించింది. మధ్యలో దళారీ లేడు. రైతుకు న్యాయమైన ధర! అమ్మకు ఈసారి ఇదే పెట్టల్ల."

ప్యాకెట్ మీద రైతు, పెండ్లాం, ఇద్దరు పిల్లోళ్లు, కుక్క. శానా సంతోషం! మన బుక్కరాయసముద్రంలో మొగులుకేసి చూస్తా శెనక్కాయలు పండించేటోళ్ల కుక్కనైనా ఏ నూనె ప్యాకెట్ మీదన్నా వేసినారా నాయనా? పైకి మాత్రం నవ్వి ప్యాకెట్ అందుకున్నా.

విప్పితే గింజలు లేత గోధుమరంగు! ఇంత ధర పెట్టి, వేయించేది కూడా సగంలో వదిలేసినారే సోమరిపోతులు! శెనక్కాయలు వేయించే బాండ్లిలో పోసి మంట పెంచినా. ఇంతలో చుట్టాలొస్తే పలకరించను వాకిట్లోకి పోయినా. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ, బాండ్లి నిండా బొగ్గులు!

"పొగేంది వదినా?"

"సాంబ్రాణి అబ్బీ!"

ఆడ మామయ్య పొద్దున్నుంచి పస్తు. "ఏమ్మా, ఇంకా కాలేదా?" అని నీరసంగా అడుగుతాండాడు. ఇంకేం చేసేది? బొగ్గులు దిబ్బలో పారబోసి, నా డబ్బాలోని చికోరీ పొడితోనే కాఫీ కలిపి పటం ముందర పెట్టినా.

పూజయినాక మా మరిది ఆ గ్లాసెత్తి, కండ్లు మూసుకొని గుటక వేసినాడు.

"ఆహా! రైతు కష్టం నాలిక్కి తెలుస్తాంది! నీ చికోరీ నీళ్లు దీని కాలిగోటికి సరిపోవు వదినా!"

నా కాఫీ తాగుతానే నా కాఫీని తిట్టె! నిజం చెప్తే బొగ్గుల సంగతీ చెప్పల్ల. "ఔనబ్బీ" అన్నా.

చుట్టాలూ, పక్కింటోళ్లూ తలా గుక్కెడు తాగి, మరిదితో తలా ఒక ప్యాకెట్ తెప్పించుకున్నారు. ఇప్పుడు రోజుకొకరు వస్తాండారు.

"ఏమక్కా, నీ చేతిలో వచ్చిన రుచి మాకు రాలేదే?"

"అంతా మా అత్తమ్మ దయమ్మా" అంటాండా నేను, మెల్లగా.

ఎట్లొస్తాది మరి? వాళ్లు పాపం, ప్యాకెట్లో ఉండేదే కాస్తాండారు!