కిటికీ అత్త పేజీలో ఖాళీ అయిన గడులు

మా మేనత్తను అందరూ కిటికీ అత్త అంటారు. బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు కదులుతుంది అని అడిగినవారికల్లా చెప్పడమే ఆమె ఉద్యోగం. ఒకనాడు ఆ కిటికీకి రేకు బిగించి, దాని పైన ఎర్రటి అక్షరాలు పరుగెత్తే బోర్డు ఒకటి పెట్టారు. బోర్డు చూపే వేళలకూ వచ్చే బస్సులకూ పొంతన ఉండేది కాదు. అది పై అధికారులకు పట్టలేదు. ఉద్యోగం పోయిన అత్తకు పట్టింది.

ఆమె ఒక వెబ్‌సైటు తెరిచింది. ఏ బస్సు కోసం రోడ్డుకు ఏ వైపు నిలబడాలో, మోకాళ్ల నొప్పులున్నవారు ఏ స్టాపులో దిగితే ఆసుపత్రి మెట్ల బాధ తప్పుతుందో, సాయంత్రపు ఎండ ముఖాన కొట్టకుండా ఏ పక్క సీటు పట్టాలో అందులో ఉంటుంది. తాను ఎక్కి చూడని బస్సు గురించి ఆమె ఒక్క మాటా రాయదు. వేళ మారిందని అనుమానం వస్తే సంచీ భుజాన తగిలించుకుని మళ్లీ బయలుదేరుతుంది.

ఆ ప్రయాణాల ఖర్చు పేజీ పక్కనున్న గడులు భరించేవి. ఒక పెద్ద ప్రకటనల కంపెనీ వాటిలో పరుపులనో, చెప్పులనో, బీమానో చూపించేది. చూసినవారు నొక్కితే అత్త ఖాతాలో కొంత జమ అయ్యేది. గొప్ప సంపాదనేమీ కాదు. కానీ అది ఆగితే ప్రయాణాలు ఆగుతాయి. ప్రయాణాలు ఆగితే అత్త పేజీ కూడా ఆ బోర్డులాగే అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది.

అది ఆగిపోయింది. "మీ పేజీలో చెల్లని క్లిక్కులను గుర్తించాము. మీ ఖాతాను మూసివేశాము" అని కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. ఎవరు నొక్కారో, ఎప్పుడు నొక్కారో లేదు. కింద మనిషి పేరు కూడా లేదు. అభియోగం ఏమిటో చెప్పకుండా ఎవరినీ శిక్షించరాదని లా కాలేజీలో చదువుకుని వచ్చినదాన్ని. నాకు ఒళ్లు మండింది.

"ఎవరో గిట్టనివాళ్లు చేసుంటారత్తా," అన్నాను.

మిషను సూది అరువు అడగడానికి వచ్చిన పై వాటా దర్జీ వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. "నొక్కకూడదా పిన్నీ?"

"ఏంటి నొక్కేది?" అంది అత్త.

"అదే, మీ పేజీలో బొమ్మలు. నొక్కితే మీకు డబ్బులొస్తాయని కింద తాళాలాయన చెప్పాడు. భోంచేసి చెయ్యి కడుక్కోగానే ఈ మూడు వాటాల వాళ్లం వరసగా నొక్కుతున్నాం. మా అత్తగారైతే కళ్లజోడు పెట్టుకుని మరీ."

"మీ అత్తగారికి పరుపు కావాలా?"

"ఉన్న పరుపు మీంచే లేవదు పిన్నీ, ఇంకోటెందుకు?"

అలా నొక్కకూడదన్న కంపెనీ నియమాన్ని నేను తప్పుపట్టను. కొనే ఉద్దేశం లేని ప్రతి నొక్కుకూ ఎవరో ఒక వ్యాపారి చెల్లించుకోవలసి వస్తుంది. అయితే ఈ జనం మోసగాళ్లు కారు. కిటికీ దగ్గర ఉన్నన్నాళ్లూ అత్త ఎవరి దగ్గరా టీ చుక్క కూడా పుచ్చుకోలేదు. ఆమెకు ఏదైనా చేయాలని తహతహలాడినవారికి ఇన్నాళ్లకు ఈ ఒక్క దారి దొరికింది.

సంగతి తెలిసి మా నాన్న వచ్చాడు. అత్తకు సొంత అన్న. "పోటీవాళ్లు చేశారని రాసి పడెయ్. ఎవడొచ్చి చూస్తాడు? లేదంటే ఇదంతా మూసేసి మా ఇంటికొచ్చెయ్. నీకిదేం ఖర్మ?"

"నాకోసం కళ్లజోడు పెట్టుకున్న ముసలావిడని నా శత్రువని రాయమంటావా అన్నయ్యా? రాయను."

కంపెనీ ఒకే ఒక్క విన్నపానికి అవకాశమిచ్చింది. సహజ న్యాయం గురించి నేను రాసిన పేరాలన్నీ అత్త కొట్టేసింది. మిగిలింది ఇంతే: "నొక్కింది నా ఇరుగుపొరుగు. నాకు తెలియదు. తెలిశాక మాన్పించాను. ఆ డబ్బు నాకు వద్దు, వ్యాపారులకే ఇచ్చేయండి. ఖాతా తెరవండి."

ఒక మనిషి చదవడానికి పట్టేంత వ్యవధి కూడా లేకుండా జవాబు వచ్చింది: నిర్ణయం తుది నిర్ణయం.

"కేసు వేద్దామత్తా. వినకుండా తీర్పు చెప్పే హక్కు వీళ్లకెవరిచ్చారు?"

"వెయ్యి, వద్దన్నానా? కానీ నీ కేసు తేలేదాకా పొద్దుటి బస్సు ఆగదుగా," అంటూ చెప్పులు వేసుకుంది.

తిరిగివచ్చాక వాటాల వాళ్లందరినీ ముందుగదిలోకి పిలిచింది. "నాకు మీ నొక్కుళ్లు వద్దు. గడులు ఖాళీగా ఉన్నాయి. మీ పని గురించి వాటిలో చెప్పుకోండి, నెలకింతని ఇవ్వండి. అయితే బస్సులకున్న పద్ధతే మీకూనూ. నేను చూశాకే రాస్తాను."

ఏ తాళమైనా క్షణాల్లో తీస్తానని రాయమన్నాడు తాళాలాయన. అత్త తన పాత ట్రంకుపెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయ్యాకగానీ అది తెరుచుకోలేదు. గడిలో ఇలా వచ్చింది: "ఏ తాళమైనా తీస్తారు. క్షణాల్లో కాదు. తీసేదాకా మాత్రం కదలరు."

దర్జీ వదిన గడిలో: "కుట్టు చక్కగా ఉంటుంది. చెప్పిన రోజుకు ఇంకో రెండు రోజులు కలుపుకోండి."

"డబ్బులిచ్చి పరువు తీయించుకోవాలా పిన్నీ?"

"చక్కగా ఉంటుందన్నానుగా. అదీ తీసెయ్యనా?"

వదిన మూతి ముడిచింది గానీ గడి వదులుకోలేదు. తర్వాత ఆమె దగ్గరికి కొత్తవాళ్లు రాసాగారు. బట్టలు ఎప్పుడిస్తావని మాత్రం ఎవరూ అడగడం లేదు.

రాబడి మునుపటంత లేదు. దూరపు బస్సులు కొన్నింటి పక్కన అత్త "ఈ మధ్య ఎక్కి చూడలేదు, అడిగి ఎక్కండి" అని రాయవలసి వచ్చింది. అలా రాసిన ప్రతిసారీ ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని. గడులు నిండేకొద్దీ ఇప్పుడు ఆ మాట ఒక్కొక్క బస్సు పక్కనుంచీ చెరిగిపోతోంది. చెరిపిన రోజు అత్త మా నాన్నకు ఫోను చేసి మరీ చెబుతుంది.

మొన్న మరో ప్రకటనల కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. మీ పేజీకి మంచి ఆదరణ ఉంది, గడులన్నీ మాకు అప్పగిస్తే ముందుగా పరుపుల ప్రకటనలు పెడతాము అని. ఏం రాయమంటావని అడిగాను.

అత్త బస్సుకు వెళ్లే తొందరలో ఉంది. సంచీ సర్దుకుంటూనే చెప్పింది. "ముందొక పరుపు పంపమను. పైన ముసలావిడ పడుకుని చూశాక చెబుతాం."

అక్షరం మార్చకుండా అదే రాసి పంపాను.