ఎడమ చేతి బిగింపు

నా చిన్నప్పుడు మా బాపును ఒక్కచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. ఆ కుదురులేని గుణం నాకూ అంటిందని మా నాయనమ్మ రోజూ దెప్పేది.

ఆ వానాకాలం మా మేనత్త, అంటే బాపు చెల్లెలు, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమెకిచ్చిన గదికి పడమటి గోడ మట్టిది. కిందటేడు జల్లుకు సగం కరిగిపోయింది. మళ్లీ వాన కొడితే నీళ్లు నేరుగా మంచం మీదికే. ఆ గోడకు బయటినుంచి సిమెంటు రేకులు కప్పాలని బాపు ఖేడ్ బజారు నుంచి బండి మీద తెచ్చాడు. సరిగ్గా సరిపడా తెచ్చాడు, ఒక్కటీ ఎక్కువ లేదు.

పని మొదలుపెట్టిన రోజే నాగల్‌గిద్ద వైపు ఆకాశం నల్లబడింది. ఆ రోజే అత్తకు నొప్పులూ మొదలయ్యాయి. నేను లోపల ఉండలేను, బయటా నిలవలేను. గడప దాటడం, మళ్లీ రావడం, ఇదే నా పని. బాపు గోడ పొడవునా వాసాలు పాతి, రేకులు నిలబెట్టి బోల్టులు బిగిస్తున్నాడు. అత్త కేక వినిపించినప్పుడల్లా పానా మీద ఆయన చెయ్యి ఇంకా గట్టిపడేది. గాలికి ఇంత కూడా కదలకూడదని ఆయన పంతం. ఉన్నట్టుండి టప్పుమని చప్పుడైంది. రేకు బోల్టు దగ్గరినుంచి అంచుదాకా పగిలింది. బాపు తల పట్టుకుని, మరుక్షణమే లేచి, రెండో రేకునూ అదే బలంతో బిగించబోయాడు.

చప్పుడు విని నాయనమ్మ బయటికొచ్చింది.

"ఎడమ చేత్తోని బిగియ్ రా," అంది.

బాపుకు ఒళ్లు మండింది. మా దగ్గర ఎడమ చేత్తో తమలపాకైనా అందుకోరు. "ఏం మాటనే అవ్వా! చెల్లె కాన్పుకొచ్చిన ఇంటికి ఎడమ చెయ్యి పెడుతరా?"

"నిన్ను సంకలేసుకొని తిరిగింది ఏ చెయ్యి రా? కుడి చెయ్యి పనికి పోతుండె, గీ ఎడమ చెయ్యే నిన్ను పట్టుకుంటుండె. కింద పడెయ్యలే, పిసకలే."

బాపు పానా చెయ్యి మార్చాడు. ఎడమ చేతికి అంత బలం లేదు, అది ఆగిన చోట నట్టు ఆగింది. రేకు గాలికి కొంచెం ఆడింది గానీ పగల్లేదు. పగిలిన దాని మీదికి పక్క రేకు అంచు వచ్చేలా జరిపి దాన్నీ నిలబెట్టాడు. చివరి రేకు ఎక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. వాన విరుచుకుపడింది. రేకులు కొట్టుకున్నప్పుడల్లా అన్నీ ఊడిపోతాయని నేను గడప దగ్గరికి పరిగెత్తాను. తెల్లారేసరికి లోపలి గోడ పొడిగానే ఉంది, దాని పక్కన అత్త బిడ్డ పాలు తాగుతోంది.

నేను బాపు పోలికే. పిల్లల్ని పెంచే రోజుల్లో నా కుడి చెయ్యి ఎన్నిసార్లు లేచిందో చెప్పలేను. లేచిన ప్రతిసారీ దాన్ని దించుకుని, ఎడమ చేత్తో వాళ్లను దగ్గరికి లాక్కున్నాను. నా చేతికింద ఎప్పుడూ కొంచెం కదులుతూనే పెరిగారు. ఎవరూ పగల్లేదు.