సినిమాలో లేని ముత్తాత

కర్నూలు రాజధానిగా ఉండి, సర్కారు కచేరీలే డేరాల్లో కూర్చున్న కాలమది. కాబట్టి ఆలూరు పక్క బయల్లో ఒక టూరింగ్ టాకీసు డేరా వెలిస్తే దాని గౌరవానికి ఎవరూ లోటు చేయలేదు. వచ్చిన సినిమా తిమ్మప్ప నాయకుడిది. కుంపిణీ దొరల మీద కత్తి దూసి, చివరకు కొండగుహలో పట్టుబడి ఉరికంబం ఎక్కిన వీరుడాయన. స్వరాజ్యం వచ్చాక దేశమంతా ఆయన్ను తనవాడంది. దేశం అనకముందు నుంచీ ఆయన మారెన్న ఊరివాడు.

ఆ ఊళ్లో మారెన్న ఏడాదికి ఒక్కరోజు మాత్రం పరాయివాడు. మిగతా రోజుల్లో ఆయనకు జొన్నచేనూ, ఎద్దులూ, చావిట్లో కూర్చునే చోటూ, మాటకు విలువా అన్నీ ఉన్నాయి. నాయకుడిని ఉరితీసిన దినాన ఆయన పేర నాటిన వీరగల్లు రాయి ముందర పెద్ద దీపం పెడతారు. అందులో ఇంటింటి నూనె పోస్తారు, మారెన్న ఇంటి నూనె తప్ప. సిపాయిలకు గుహ దావ చూపింది ఆయన ముత్తాత అని. నూరేళ్లనాటి నేరానికి ఊరు వేసిన శిక్ష అంతే. అది మరీ చిన్నది కావడం వల్లే, ఎత్తేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో మారెన్న తల్లి హులిగెమ్మకు కాళ్లు పడిపోయాయి. మంచం మీద నుంచి ఆమె అడిగింది ఒక్కటే.

“నేను పొయ్యేలోపల మన ఇంటి నూనె ఆడ ఒక్క పొద్దన్నా మండల్ల, నాయనా.”

ఊరంతా బండ్లు కట్టుకుని సినిమాకు పోయింది. మారెన్న కూడా పోయి, ముత్తాతకు జరగబోయే అవమానాన్ని చూడడానికి సిద్ధపడి, వెనక వరసలో ఇసుక మీద కూర్చున్నాడు. తీరా చూస్తే సినిమాలో ద్రోహి ఒక మంత్రి. ముత్తాత ఊసే లేదు.

తెల్లారేసరికి ఊరిపెద్ద దేవేంద్రప్ప స్వయంగా మారెన్న గుమ్మం ముందున్నాడు.

“సూసినావు గదప్పా! ద్రోహం సేసింది ఆ మంత్రంట. ఇన్నేండ్లూ ఊరికే నిన్ను ఎడంగా పెడితిమి. ఈతూరి నూనె పట్టుకోని రా.”

“సినిమాలో సూపేదంతా నిజమేనంటావా, దేవేంద్రప్పా?”

“మదరాసోళ్లు అంత దుడ్లు పోసి అబద్ధం తీస్తారా యాడన్నా?”

ఈ వాదం ఊరంతటికీ చాలింది. మారెన్న సంతోషించాల్సిందే. అయినా, నిర్దోషి అనిపించుకున్నవాడికి తీర్పు పూర్తిగా చదువుకోవాలని ఉంటుంది. ఆ సాయంత్రం మళ్లీ డేరాకు పోయాడు.

ఈసారి ఆయన కథ చూడలేదు, తీసిన తీరు చూశాడు. నాయకుడు నిలబడితే, తీసేవాడు గుంత తవ్వుకుని అందులో కూర్చున్నట్టు, కింది నుంచి చూపిస్తున్నారు. అట్లా చూస్తే ఎవడైనా కొండంత అవుతాడు. గుర్రం కంటే ముందు నగారా వస్తుంది. మంత్రినేమో మిద్దె మీద నుంచి తొంగిచూసినట్టు చూపిస్తారు. నడిమింటి పొద్దులో కూడా వాడి గడ్డం కింద ఎక్కడిదో వెలుగు ఉంటుంది, ముక్కు నీడ నొసటికి ఎగబాకుతుంది. అట్లా దీపం పెడితే తన మొహమూ ద్రోహి మొహమేనని మారెన్న న్యాయంగా ఒప్పుకున్నాడు.

తర్వాత మంత్రి దొర చెవిలో ఏదో చెప్పాడు. రెప్పపాటులో గుర్రాలు గుహ ముందున్నాయి. కొండ లేదు, ముళ్లకంప లేదు, దావ లేదు. మేకలు కూడా తప్పిపోయే కొండ అది.

ఆట అయ్యాక మిషను తిప్పే గోపన్న దగ్గరికి పోయాడు.

“ఏమప్పా, నడిమధ్య ముక్క యాడన్నా కత్తిరించినావా?”

“నేనెందుకు కత్తిరిస్తానప్పా? తీసినోళ్లే అట్ల తీసినారు. చెవిలో చెప్పె, గుహకాడికి వచ్చిరి. కట్ అంటారు దాన్ని. దావంతా సూపిస్తే జనం నిద్దరపోరా?”

“నిద్దరపోయే దావ గాదప్పా అది,” అన్నాడు మారెన్న.

ఇంటికి వచ్చి తల్లికి అంతా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

“అయితే దావ ఎవురు సూపిరంట?”

“ఎవురూ సూపలేదమ్మా. గుర్రాలే పొయినాయి.”

హులిగెమ్మ కొడుకును మంచం దగ్గరికి రమ్మంది. ఆ ఇంట్లో నలుగురికి తప్ప బయటికి పొక్కని మాట ఒకటుంది. ఊరు ఎన్నడూ అడగలేదు, వీళ్లు ఎన్నడూ చెప్పలేదు.

“మీ ముత్తాత మెడకు తాడేసిరి. కొడుకును గుర్రానికి కట్టిరి. ఆయప్ప ఆ దావంతా ఏడ్సుకుంటా నడిసినాడు. ఇప్పుడు ఆయప్ప లేనే లేడు, నూనె తెమ్మంటాండారా? లేనోడి నూనె నాకొద్దురా. ఉన్నాడని సెప్పు. అప్పుడు తీసుకుంటే తీసుకోనీ, ల్యాకుంటే మానీ.”

నాయకుడి దినాన మారెన్న నూనెగిన్నెతో వీరగల్లు ముందు నిలబడి చెప్పాడు. తాడు సంగతీ, కొడుకు సంగతీ, దావ చూపింది నిజమేనన్న సంగతీ. దేవేంద్రప్ప ఇరుకున పడ్డాడు. విడుదలైన ముద్దాయే వచ్చి నేరం ఒప్పుకుంటుంటే ఏ కోర్టు మాత్రం ఏం చేస్తుంది?

“సినిమాలో అట్ల లేదే, మారెన్నా?”

“దాంట్లో ఆ దావే లేదప్పా.”

గిన్నెకు ఎవరూ చెయ్యి చాచలేదు. విచారిస్తామన్నాడు దేవేంద్రప్ప. మారెన్న ఇల్లు చేరాడు.

“అందరూ ఇన్నారా?” అంది తల్లి.

“ఇన్నారమ్మా.”

“తాడు మాట సెప్పినావా?”

“సెప్పినా.”

ఆ పూట ఆమె అడిగి సంగటి పెట్టించుకుంది. ఉగాదికి ముందే పోయింది.

మరుసటేడు అదే సినిమా మళ్లీ వచ్చింది. రీళ్లు అరిగి, తెర మీద ఎండలోనూ వాన కురుస్తోంది. మారెన్న పోయాడు. మంత్రి దొర చెవి దగ్గర వంగాడు. గుర్రాలు గుహ ముందు నిలిచాయి. అప్పుడు కుర్చీల వైపు నుంచి దేవేంద్రప్ప గొంతు లేచింది.

“ఈడ మారెన్నోళ్ల ముత్తాత ఉండల్ల. సూపీలేదు.”

నేల మీదివాళ్లు తలలు తిప్పి కుర్చీల వైపు చూశారు.

“మెడకు తాడుతో,” అన్నారెవరో నేల మీద నుంచి.

“కొడుకును గుర్రానికి కట్టిరంట,” అంది ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలి గొంతు.

తెర మీద నాయకుడు కత్తి దూశాడు. ఎప్పుడూ ఈలలు పడే చోటది. ఆ పొద్దు పడలేదు.