చేతులతో పాడిన గీతం

ధబ్, ధబ్. కాసేపాగి మళ్లీ ధబ్. పై అంతస్తు చెక్కనేల మీద ఎవరో మడమతో కొడుతున్నారు. కింద కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మొదట్లో అది మొగుడూ పెళ్లాల గొడవ అనుకునేవారు. కాదు, అది పిలుపు. చెవులు వినపడని తండ్రికి నేల అదిరితే తెలుస్తుంది, తల తిప్పి చూస్తాడు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ ఇంట్లో చెవులున్నది నేలకే.

మడమతో పిలిచే మనిషి యాభై మూడేళ్ల టీచరు. పాతికేళ్లు చెవిటి పిల్లల బడిలో చదువు చెప్పింది. కూరల బండి దగ్గర బేరమాడినా రెండు మాటలు నోటితో, నాలుగు మాటలు వేళ్లతో ఆడుతుంది. అందుకే వీధి వీధంతా ఆమెను ‘చేతుల టీచరు’ అంటుంది.

ఆ చేతులు ఆమెకు తండ్రి ఇచ్చినవే. ఆయన అచ్చు ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలను గళ్లలోంచి ఏరి, తలకిందులుగా పేర్చేవాడు. అక్షరాన్ని తిరగేసి చదవగలిగిన మనిషికి పెదవులు చదవడం ఎంతపని? భార్య తొందరగా పోయింది. మిగిలింది ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరికీ చెవులు బాగానే వినపడతాయి, కానీ ఇద్దరూ మాటకంటే ముందు సైగే నేర్చారు.

ఒకరోజు ఆయన ఏదో సభకు వెళ్లొచ్చి కూతుళ్లను అడిగాడు. అందరూ ఒక్కసారిగా లేచారట, తనూ లేచాడట. అన్ని పెదవులూ ఒకే మాట అంటున్నాయట, దూరం కావడంతో అందలేదట. అది జాతీయగీతమని పిల్లలు చెప్పారు. అయితే నాకూ కావాలి అన్నాడు. పెద్దదానికి పన్నెండేళ్లు, చిన్నదానికి తొమ్మిది. నెల్లాళ్లు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ముగ్గురూ ఒక్కో పాదానికీ సైగలు కట్టారు. కొండల నడుమ నదులు పారే పాదం ఎంతకీ కుదరలేదు. చిన్నది రెండు పిడికిళ్లు ఎత్తిపట్టి, వాటి మధ్యనుంచి వేళ్లను జలజలా జార్చింది. తండ్రి ఆ పూట ఆ నదిని ఎన్నిసార్లు పారించాడో, సీసం మసి అంటిన వేళ్లతో.

పెద్దది టీచరయ్యాక ఆ పాటను బడికి తీసుకెళ్లింది. రోజూ పొద్దున్నే నలభై జతల చేతులు ఒక్కసారి లేచేవి. చొక్కా చేతుల రెపరెప తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

ఒక జెండా పండుగనాడు మైకులో గీతం వేసినప్పుడు పిల్లలు అలాగే చేతులెత్తారు, అతిథిగా వచ్చినాయన దాన్ని ఫోనులో వీడియో తీశాడు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది, కింద ఒక వాక్యంతో: గీతం వస్తుంటే వెక్కిరింతలు. గీతం వినిపిస్తున్నంతసేపూ చేతులు పక్కన పెట్టుకుని కదలకుండా నిలబడాలని నియమం. అవమానిస్తే జైలు. ఎవరో ఫిర్యాదు రాశారు.

పోలీసుల దాకా పోకముందు విద్యాశాఖ విచారణ పెట్టింది. విచారణాధికారి చెడ్డవాడేం కాదు. ఈ సైగల అర్థం అచ్చంగా గీతమేనని తెలిసినవాళ్లొకరు వచ్చి చెబితే ఫైలు అక్కడే మూసేస్తానన్నాడు. కానీ ఆ సైగలు ఏ పుస్తకంలోనూ లేవు. పిల్లలు ఆమె శిష్యులు గనుక సాక్ష్యం చెల్లదు. తండ్రి రాసిస్తే కూతురే రాయించిందంటారు, సైగలతో చెప్పాలంటే తర్జుమా చేసేవాళ్లు కావాలి, ఆ పని చేయగలిగింది నిందితురాలే. ఇక మిగిలింది చెల్లెలు.

చెల్లెలు అదే శాఖలో, వేరే కార్యాలయంలో గుమాస్తా. ప్రమోషన్ ఫైలు పైవాళ్ల బల్ల మీద ఉంది. అది తెలిసే అక్క భయపడుతూ అడిగింది. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని, “అదేం మాటక్కా, నేను కాకపోతే ఎవరొస్తారు?” అంది.

వచ్చింది కూడా. వెనక బెంచీ మీద కూర్చున్న తండ్రి వైపు మాత్రం చూడలేదు. అధికారి ఫోను ఆమె ముందుకు జరిపాడు. అందులో నలభై మంది పిల్లల వేళ్లు పిడికిళ్ల మధ్యనుంచి జారుతున్నాయి.

“ఇదేంటో చెప్పగలరా?”

“మా ఇంట్లో సైగలుండేవి సార్. అన్నం, నీళ్లు, రా, పో. అంతవరకే. పాటలూ అవీ లేవు. ఇవేంటో నాకు తెలీదు.”

కంచే చేను మేసింది. టీచరుకు ముందు కోపం కూడా రాలేదు. నాన్న కిటికీ వైపు చూస్తూ ఉంటే బాగుండునని వెనక్కి తిరిగింది. ఆయన కిటికీ వైపు చూడటంలేదు, చిన్నకూతురి పెదవులనే చూస్తున్నాడు. మెల్లగా లేచి చేతులెత్తి రెండు సైగలు చేశాడు.

“ఆయనేమంటున్నారు?” అని అధికారి చిన్నదాన్నే అడిగాడు.

“అర్థం కావట్లేదు సార్.”

టీచరు నోరు తెరవబోయింది. మీరు చెప్పకూడదని అధికారి వేలెత్తాడు. అందుకని ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదు. చిన్నప్పుడు పీడకల వచ్చి లేచిన ప్రతిసారీ చిన్నదాన్ని ఆయన అడిగిన మాటే అది: భయపడ్డావా తల్లీ?

ఫైలు పోలీసులకు వెళ్లింది. తప్పయిపోయిందని రాసిస్తే సరిపోతుందని బడివాళ్లు కబురుపెట్టారు. నాన్న చేతులు తప్పని నేనెలా రాస్తాననుకుని ఆమె రాయలేదు. ఉద్యోగం పోయింది. కేసు వాయిదాల మీద నడుస్తోంది. బడిలో ఇప్పుడు పిల్లలు చేతులు పక్కన పెట్టుకునే నిలబడుతున్నారు. పాట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో వాళ్లకు తెలియదు. అయిపోయాక ఎవరో జేబురుమాలు ఊపుతారు.

ప్రమోషన్ వచ్చింది. చెల్లెలు ఆదివారాలు తండ్రి కోసం పళ్లు తెస్తుంది. ఆయన పక్కన కూర్చుని గంటలకొద్దీ చేతులతో కబుర్లు చెబుతుంది, ఆయన్ను నవ్విస్తుంది. ఇంట్లో ఆ వేళ్లకు అన్నీ గుర్తున్నాయి. అక్కకు ఎక్కువ గుచ్చుకునేది అదే. ఒకసారి వంటింట్లో, నీకేముందక్కా, ఇంకొన్నేళ్లకు ఎలాగూ రిటైరయ్యేదానివి, నాకు ఇద్దరు పిల్లలని చెల్లెలే ఎత్తుకుంది.

“నీ ఉద్యోగం అడిగానా? ఒక్క మాట అడిగాను,” అంది అక్క, కడుగుతున్న గిన్నె మీదనుంచి తలెత్తకుండా.

తండ్రి ఏనాడూ ఆ విచారణ ఊసెత్తలేదు. చిన్నది వచ్చే రోజు మాత్రం పొద్దుటినుంచీ మెట్ల వైపే చూస్తాడు.

ఈ కథ రాసుకోవడానికి వచ్చినవాళ్లను టీచరు మెట్ల చివరిదాకా దిగబెట్టింది. దారిపొడుగునా కదిలిన చేతులు అక్కడికొచ్చేసరికి ఆగిపోయాయి. ఉట్టి నోటితోనే అంది:

“అన్నీ రాసుకోండి. చెల్లెల్ని క్షమించానని మాత్రం రాయకండి. ఆ పని నాన్న ఎప్పుడో చేసేశాడు. నేనింకా మొదలే పెట్టలేదు.”