తెరమీద వీరయ్య పేరు

ఫిల్మ్‌నగర్ బస్తీ వీరయ్య ముప్పయ్యేళ్లుగా సినిమా లైట్‌మన్. లైటు పట్టినోళ్ల పేర్లు వేయడానికి మన నిర్మాతలకు తెర చాలదు. అందుకే జూబ్లీహిల్స్‌లో కంప్యూటర్ ఆటలాడే గీతిక తన గేమింగ్ గదికి లైట్లు పెట్టమనగానే, ఇక్కడైనా తన పనితనం కనబడాలనుకున్నాడు. అలవాటుకొద్దీ లైట్లన్నీ ఆమె మొహమ్మీదికే తిప్పాడు.

"నేను భలే ఉన్నానండీ వీరయ్యగారూ! స్క్రీనే కనిపించట్లేదు."

"హీరోయిన్ కనబడాలె గదమ్మా!"

"హీరోయిన్ స్క్రీన్లో ఉందండీ."

వీరయ్య నాలుక్కరుచుకుని అన్నీ తీసేశాడు. స్క్రీను వెనక గోడకు లేతపసుపు లైటు పట్టీ ఒక్కటే అంటించాడు. కళ్లకు హాయిగా ఉంది.

"ఇంత బాగా చేస్తారే, మీ పేరు ఏ సినిమాలో పడిందండీ?"

"మా పేరెవరు ఏస్తరమ్మా?"

గీతిక వెంటనే ఆటలో తన జట్టుకు 'వీరయ్య లైటింగ్' అని పేరు పెట్టింది.

తెరమీద ఆ పేరు పడగానే వీరయ్య దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"జర పెద్దక్షరాలు ఎయ్యరాదమ్మా!"